బొగ్గుబాయి నుండి బిల్లు వసూలు దాకా: సింగరేణి లాభనష్టాల లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ప్రభుత్వ గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, 2008లో పదవీ విరమణ పొందినవాణ్ణి. ఆ సర్వీసులో ఎక్కువ భాగం బొగ్గు రాయల్టీ లెక్కలు చూసే సీటులో గడిచింది. నెలకొకసారి వచ్చే పట్టికలో ప్రారంభ నిల్వ, ఉత్పత్తి, రవాణా, సొంత వాడకం, ముగింపు నిల్వ అని గడులుండేవి. కూడికలు, తీసివేతలు సరిచూడటం, తేడా కనబడితే వివరణ కోరుతూ ఉత్తరం తయారు చేయడం నా పని. కనుక ఈ వ్యాసం గని లోపల నిలబడి చూసినది కాదు. లెక్కల పుస్తకం ముందు కూర్చుని చూసినది.

మన సభ్యుల ఇళ్ళలో ఒక అన్నో, బావమరిదో, మేనల్లుడో సింగరేణిలో పనిచేసి ఉంటారు. 1990లలో ఆ సంస్థ ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కినప్పుడు ఇంటింటా ఒకటే ప్రశ్న. దక్షిణాదిన రాతిబొగ్గు దొరికేది గోదావరి లోయలోనే. తవ్విన ప్రతి పెళ్ళకూ కొనేవాడు కాచుకుని ఉన్నాడు. అటువంటి సరుకు అమ్మే సంస్థకు నష్టమెట్లా వచ్చింది?

సమ్మెల వల్ల అని కొందరు, దుబారా వల్ల అని కొందరు అనేవారు. రెండింటిలోనూ నిజం ఉంది. కాని అంతటితో లెక్క పూర్తి కాదు. బొగ్గు సంస్థకు నష్టం గని అడుగున మాత్రమే పుట్టదు. బొగ్గు పైకి వచ్చిన తరువాత దాని ధర ఎవరు నిర్ణయించారు, ఏ గ్రేడు కింద అమ్మారు, వ్యాగనులో ఎంత నింపారు, డబ్బు ఎన్నాళ్ళకు చేతికొచ్చింది అన్న దారి పొడవునా నష్టం పుడుతూనే ఉంటుంది. ఆ దారిని మొదటి నుండి చెప్పుకుంటే మన బంధువుల కష్టం ఎటు పోయిందో కొంత తెలుస్తుంది.

బొగ్గు తీయకముందే వివాదం

భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించారు. అక్కడి సింగరేణి గ్రామం పేరే తరువాత సంస్థకు వచ్చింది. 1886లో గనుల హక్కులు లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి దక్కాయి.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. ఇల్లందులో పని సాగి బొగ్గు బయటికి రాకముందే ఈ కంపెనీ వాటాల మీద పెద్ద రగడ జరిగింది. గనుల హక్కు సంపాదించినవారు వాటాలలో అధిక భాగం తమకే కేటాయించుకున్నారనీ, వాటిలో కొన్నింటిని ఎక్కువ ధరకు నిజాం ప్రభుత్వం చేతనే కొనిపించారనీ, ఇందులో నిజాం కొలువులోని పెద్ద అధికారి ఒకరికి పాత్ర ఉన్నదనీ ఆరోపణలు వచ్చాయి. సంగతి బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళి, 1888లో కామన్స్ సభ విచారణ సంఘం వేసింది. అంటే మన బొగ్గు చరిత్రలో మొదటి తగవు గనిలో వచ్చినది కాదు. కాగితం మీద వచ్చినది.

1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది. ఆ రోజుల్లో ముఖ్యమైన కొనుగోలుదారు రైల్వే. బొగ్గు కోసం రైలు మార్గం వేశారు, ఆ రైలు నడవడానికి అదే బొగ్గు వాడారు. గని పక్కనే పట్టాలు ఉండటం, కొనేవాడు ఇంటి ముందుకే రావడం ఆనాటి సంస్థకు కలిసి వచ్చిన సంగతి.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ హైదరాబాద్ కంపెనీల చట్టం కింద ఏర్పడింది. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుకునేది అందుకే. కొత్త కంపెనీకి బెస్ట్ అండ్ కంపెనీ వారు కార్యదర్శులుగా, అమ్మకం ఏజెంట్లుగా ఉన్నారు. ఏజెంట్ల పద్ధతి ఆనాడు దేశమంతటా ఉండేది. వారికి చేతినిండా పలుకుబడి, ఊరూరా కొనుగోలుదారుల పరిచయాలు ఉండేవి. కమీషను పద్ధతిలో ఒక చిక్కు ఉంది. అమ్మిన సరుకును బట్టి ముట్టేది కమీషను, అమ్మగా మిగిలినదాన్ని బట్టి వచ్చేది లాభం. మొదటిది ఏజెంటుది, రెండోది కంపెనీది. ఈ రెండూ ఎప్పుడూ ఒకే వైపు నడవాలని లేదు. మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతిని చట్టం ద్వారా దేశంలో రద్దు చేసింది 1970లో.

యజమాని మారినా ధర చేతికి రాలేదు

1945లో హైదరాబాద్ ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అవి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చాయి. 1960 మార్చి నుండి రాష్ట్రం, కేంద్రం కలిసి నడిపే సంస్థ అయింది. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా స్థిరపడింది. 2014లో రాష్ట్ర వాటా తెలంగాణకు వచ్చింది. 1973లో దేశంలోని బొగ్గుగనులను జాతీయం చేసినప్పుడు సింగరేణిని కలుపుకోవలసిన అవసరం రాలేదు, అప్పటికే అది ప్రభుత్వ సంస్థ. అందువల్ల 1975లో కోల్ ఇండియా ఏర్పడినప్పుడూ విడిగానే ఉండిపోయింది.

విడిగా ఉండటం గౌరవమే. కాని కోల్ ఇండియా కింద చాలా సంస్థలున్నాయి. ఒకటి నష్టపోతే మరొకటి ఆదుకోగలదు. ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, భారత్ కోకింగ్ కోల్ సంస్థలు కూడా ఒక దశలో ఖాయిలా పడ్డవే. వాటి వెనుక పెద్ద కుటుంబం ఉంది. సింగరేణి ఒంటి కొడుకు. నష్టం వస్తే పంచుకునే అన్నదమ్ములు లేరు.

ఇక ధర సంగతి. బొగ్గు ధరల మీద ప్రభుత్వ అదుపు 1945 నాటి కాలరీ కంట్రోల్ ఉత్తర్వుతో వచ్చింది. 1967లో కొంతకాలం సడలించారు. జాతీయం చేసిన తరువాత ధర నిర్ణయం మళ్ళీ కేంద్రం చేతికి వెళ్ళింది. బియ్యం ధర, ఇనుము ధర, డీజిలు ధర ఏటేటా పెరుగుతుంటే, బొగ్గు ధర పెంచడానికి మాత్రం పరిశీలన, నివేదిక, మంత్రివర్గ నిర్ణయం అన్నీ కావాలి. ఇందుకు ప్రభుత్వ కారణాలు లేకపోలేదు. బొగ్గు పెరిగితే కరెంటు పెరుగుతుంది, సిమెంటు పెరుగుతుంది, రైలు ఛార్జీ పెరుగుతుంది. బొగ్గును చౌకగా ఉంచడం అంటే దేశంలో అన్ని ధరలనూ కొంత పట్టి ఉంచడం. కాని ఆ చౌక భారం ఎవరో ఒకరు మోయాలి గదా!

జీతాలు కూడా స్థానికంగా నిర్ణయమయ్యేవి కావు. 1970ల నడుమ నుండి బొగ్గు పరిశ్రమకంతటికీ కలిపి జాతీయ స్థాయిలో వేతన ఒప్పందాలు జరుగుతున్నాయి. సింగరేణికీ అవే వర్తిస్తాయి. శ్రమకు తగిన జీతం రావడం న్యాయమే. అయితే ఒప్పందం ఆలస్యమైతే పాత తేదీ నుండి బకాయిలన్నీ ఒక్కసారిగా చెల్లించాలి. జీతం పాత తేదీ నుండి పెరిగింది కదా అని, ఎప్పుడో అమ్మేసిన బొగ్గుకు పాత తేదీ నుండి ధర పెంచి బిల్లు వేయలేరు. సంస్థ చేతిలో ఖర్చులో పెద్ద పద్దూ లేదు, ఆదాయంలో పెద్ద పద్దూ లేదు. మధ్యలో మిగిలిన కొద్దిపాటి జాగాలోనే యాజమాన్యం నేర్పు చూపాలి.

ఒక్క శాతం బూడిద

ధర ఉత్తర్వు ఒకటైనా బొగ్గు ఒకటి కాదు. 1979 నుండి 2011 చివరి వరకు మామూలు బొగ్గును ఎ నుండి జి వరకు ఏడు గ్రేడులుగా విభజించి అమ్మేవారు. గ్రేడు నిర్ణయించే సూత్రం ఇది: బొగ్గులోని బూడిద శాతం, తేమ శాతం కలపాలి. దాన్ని 138తో హెచ్చించాలి. వచ్చినదాన్ని 8,900 నుండి తీసివేయాలి. మిగిలేది కిలో బొగ్గుకు ఉపయోగపడే వేడి, కిలో కేలరీలలో. అది 3,360 దాటితే ఇ గ్రేడు, అంతకు తగ్గి 2,400 దాటితే ఎఫ్ గ్రేడు.

ఒక లెక్క వేసి చూద్దాం. బూడిద, తేమ కలిసి 40 శాతం అనుకోండి. 40ని 138తో హెచ్చిస్తే 5,520. తీసివేయగా మిగిలేది 3,380. ఇది ఇ గ్రేడు. అదే 41 శాతం అయితే మిగిలేది 3,242. ఇది ఎఫ్ గ్రేడు. ఒక్క శాతం తేడాతో సరుకు మొత్తం కింది గ్రేడు ధరకు పడిపోతుంది. తవ్విన శ్రమ అదే, ఇచ్చిన జీతం అదే, వాడిన పేలుడు మందు అదే.

అందుకే నమూనా తీసే చోట తగవులు వచ్చేవి. కంపెనీ తీసిన నమూనా ఒకటి చెబుతుంది, కొన్నవారి యార్డులో తీసిన నమూనా ఇంకొకటి చెబుతుంది. వానకాలంలో బొగ్గు తడుస్తుంది, తూకం పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. రాళ్ళు వచ్చాయని బిల్లులో కోత పెడతారు. రాళ్ళు ఏరడానికి మనుషులను పెడితే ఆ కూలి ఒక ఖర్చు. ఏరకపోతే కోత ఒక ఖర్చు. పైగా బూడిద, తేమ కలిసి నలభై శాతం ఉన్న బొగ్గును నూరు వ్యాగన్లలో పంపితే, అందులో నలభై వ్యాగన్లు మోసుకుపోయేది మంట రాని సరుకే. దానికీ రైలు కిరాయి పూర్తిగా కట్టవలసిందే.

2012 జనవరి నుండి ఈ పద్ధతి మారింది. మొత్తం వేడిని బట్టి పదిహేడు గ్రేడులు పెట్టారు. మెట్లు చిన్నవి కావడంతో ఒక మెట్టు జారితే కలిగే నష్టం తగ్గింది. తగవులు మాత్రం పూర్తిగా పోలేదు.

బంకరు నుండి వ్యాగను దాకా

బొగ్గు అమ్మకంలో వెనుకటి నుండి ఉన్న పద్ధతి, గని దగ్గర వ్యాగనులో నింపేంతవరకు కంపెనీ బాధ్యత, అక్కడి నుండి రైలు కిరాయి కొన్నవారి బాధ్యత. వినడానికి సులువుగా ఉంటుంది. కాని ఆ వ్యాగను దగ్గర ఎన్ని చిల్లులున్నాయో చూడండి.

వ్యాగన్లు వచ్చాక నిర్ణీత గంటలలో నింపాలి. ఆలస్యమైతే రైల్వేకు డెమరేజి కట్టాలి. తక్కువ నింపితే ఖాళీ జాగాకు కూడా కిరాయి పడుతుంది. ఎక్కువ నింపితే అధిక భారానికి జరిమానా పడుతుంది. తూకం కాటా చెడిపోతే అదొక తగాదా. వ్యాగన్లు రాకపోతే మరొక కష్టం. బొగ్గు గుట్టలుగా పేరుకుపోతుంది. బొగ్గు గుట్ట ధాన్యపు రాశి వంటిది కాదు. గాలి తగిలి లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. నీళ్ళు చల్లాలి, గుట్టను తిరగవేయాలి, కాపలా పెట్టాలి. నా పట్టికలో ముగింపు నిల్వ అన్న గడిలోని అంకె పెద్దదిగా కనిపిస్తే చూసినవారు ఎంత ఆస్తి అనుకునేవారు. వ్యాపారం తెలిసినవారికి అది కాలుతున్న డబ్బు.

కొనేవారు మారడం వల్ల కూడా ఖర్చు పెరిగింది. ఆవిరి ఇంజన్లకు పెద్ద పెళ్ళలు కావాలి. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చి రైల్వే కొనుగోలు తగ్గిపోయింది. వారి స్థానంలో కొత్తగూడెం, విజయవాడ, రామగుండం, రాయచూరు విద్యుత్ కేంద్రాలు పెద్ద కొనుగోలుదారులయ్యాయి. వారికి నలగగొట్టిన బొగ్గు కావాలి. అందుకు క్రషర్లు, బెల్టులు, బంకర్లు కట్టాలి. రామగుండం ఎన్‌టీపీసీ కేంద్రం గనులకు దగ్గరే ఉండటంతో అక్కడికి సొంత రైలు మార్గం వేసి, బండ్లు చక్రంలా తిరిగే ఏర్పాటు చేశారు. అమ్మకపు ఖర్చు తగ్గించే మంచి మార్గాలలో అది ఒకటి. కొనేవాణ్ణి గని దగ్గరకే తెచ్చుకోవడం!

అమ్మకం వేరు, వసూలు వేరు

గ్రేడు, తూకం, వ్యాగను చిక్కులన్నీ దాటుకుని బిల్లు వెళ్ళిందనుకుందాం. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

విద్యుత్ బోర్డులు దేశంలో చాలాచోట్ల సకాలంలో బిల్లులు చెల్లించేవి కావు. వాటినీ పూర్తిగా తప్పు పట్టలేము. పొలాలకు చౌకగా, కొన్నిచోట్ల ఉచితంగా కరెంటు ఇవ్వమని ప్రభుత్వాలు చెప్పాయి. ఆ తేడాను ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు పూడ్చలేదు. బోర్డు తన బాధను బొగ్గు బిల్లు మీదికి తోసింది. మన దగ్గర మరో విశేషం ఉంది. బొగ్గు సంస్థలో పెద్ద వాటాదారు రాష్ట్ర ప్రభుత్వం, విద్యుత్ బోర్డు యజమానీ రాష్ట్ర ప్రభుత్వమే. తమ్ముడి దుకాణంలో అన్న అరువు పెట్టినట్టు. గట్టిగా అడగడానికి నోరు రాదు, అడగకపోతే దుకాణం నడవదు.

అరువు ఖరీదు ఎంతో ఉదాహరణకు చూడండి. నూరు రూపాయల సరుకు మీద అయిదు రూపాయలు మిగిలిందనుకుందాం. డబ్బు ఆరు నెలలు ఆలస్యమైంది. అంతవరకు జీతాలివ్వడానికి సంస్థ నూటికి ఏడాదికి 16 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. ఆరు నెలల వడ్డీ 8 రూపాయలు. మిగిలిన 5 పోను 3 రూపాయలు నష్టం. బొగ్గు తవ్వినవాడు తప్పు చేయలేదు, కొన్నవాడు ఎగవేయనూ లేదు. కాలమే లాభాన్ని తినేసింది.

రాయల్టీ, అమ్మకపు పన్ను సంగతి నాకు బాగా తెలుసు. ఇవి బిల్లులో విడిగా చూపి కొన్నవారి నుండే రాబట్టే పద్దులు. కాని ఖజానాకు గడువు ప్రకారం కట్టవలసింది కంపెనీ. కొన్నవారు ఇచ్చేది ఎప్పుడో. సంస్థకు లాభమా నష్టమా అని ఖజానా అడగదు. రాయల్టీ టన్నుకు ఇంత అని ఉన్న రోజుల్లోనూ, 2012 నుండి ధరలో 14 శాతం అయిన తరువాతా, కదిలిన సరుకు మీద పడేదే గాని మిగిలిన లాభం మీద పడేది కాదు.

నా బావమరిది కొత్తగూడెం ప్రాంతంలోని గనిలో బొగ్గు నింపే కార్మికుడు. సంస్థ నష్టాల గురించి పత్రికలలో వస్తున్న రోజుల్లో ఒక పండగకు మా ఇంటికి వచ్చి అన్నాడు: "బావా, తట్ట నెత్తిన పెట్టుకొని టబ్బులు నింపినం. నింపిన టబ్బు నింపినట్టే పైకి పోయింది. మరి పైసలెటు పోయినయి?" కార్మికుడి వైపు నుండి అంతకన్న సూటి ప్రశ్న లేదు. జవాబు ఒక్కచోట లేదు. కొంత ధర ఉత్తర్వులో, కొంత గ్రేడులో, కొంత వ్యాగనులో, కొంత బ్యాంకు వడ్డీలో పోయింది. కొంత మన ఇళ్ళలోని కరెంటు దీపానికి కూడా పోయింది. చౌక కరెంటు వాడుకున్న మనమందరం ఆ టబ్బులో తలా ఒక గుప్పెడు తీసుకున్నవాళ్ళమే.

ఖాయిలా సంస్థ

గని ఖర్చు సంగతి విడిచిపెడితే ఈ వ్యాసం ఒకవైపు మాటే అవుతుంది. భూగర్భ గనిలో స్తంభాలు వదిలి తవ్వాలి, పైకప్పుకు ఆధారాలు పెట్టాలి, కొన్నిచోట్ల ఖాళీలను గోదావరి ఇసుకతో నింపాలి. ఒక రోజు పని ఆగితే బొగ్గు ఆగుతుంది గాని, నీళ్ళు తోడే పంపులు, గాలి పంపే ఫ్యాన్లు ఆగడానికి లేదు. ఆసుపత్రి, క్వార్టర్లు, నీళ్ళ సరఫరా ఆగవు. అందుకే బొగ్గు పరిశ్రమలో పని ఆగిన రోజు నష్టం మామూలు కార్ఖానా కన్న ఎక్కువ.

1990ల మొదట్లో ఆ రోజులు చాలా వచ్చాయి. 1991-92 ఒక్క ఏడాదిలోనే చిన్నా పెద్దా కలిపి నాలుగు వందలకు పైగా సమ్మెలు జరిగాయి. సంఘాలు అనేకం, ఒకరు ఒప్పుకుంటే మరొకరు ఒప్పుకోరు. ఎవరితో మాట్లాడితే పని మొదలవుతుందో యాజమాన్యానికీ తెలియని స్థితి. ప్రతి సమ్మెకూ దానిదైన కారణం ఉండవచ్చు. మొత్తం కలిపితే ఉత్పత్తి కుంగింది, ఖర్చు నిలిచింది.

పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ బోర్డు, అంటే బీఐఎఫ్ఆర్, 1985 నాటి చట్టంతో వచ్చింది. ప్రభుత్వ సంస్థలనూ దాని పరిధిలోకి తెచ్చింది 1991 సవరణ. ఆ వెంటనే 1992లో సింగరేణి ఆ గడప ఎక్కింది. ప్రభుత్వాల సాయంతో గట్టెక్కినట్టే ఎక్కి, నాలుగేళ్ళు తిరగకుండా మళ్ళీ వెళ్ళింది. 1997 మార్చి నాటికి పేరుకున్న నష్టం పన్నెండు వందల కోట్ల రూపాయలు దాటింది. అప్పటికి సింగరేణిలో లక్షకు పైగా కార్మికులున్నారు. సంస్థ మూతపడితే కొత్తగూడెం, ఇల్లందు, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని వంటి ఊళ్ళు ఏమయ్యేవో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె గుభేలంటుంది.

గట్టెక్కిన వైనం

సంస్థ గట్టెక్కడానికి ఒక్క మంత్రం లేదు. నాలుగైదు పనులు ఒకేసారి కలిసి వచ్చాయి.

మొదటిది, లెక్కలు కార్మికులకు చెప్పడం. టన్ను తీయడానికి ఎంత అవుతుంది, అమ్మితే ఎంత వస్తుంది, అప్పు ఎంత ఉంది అన్న సంగతులు గనుల దగ్గరకు, కాలనీలకు తీసుకువెళ్ళారు. ఒక గుమాస్తాగా నాకు ఇది గొప్ప పనిగా తోస్తుంది. లెక్క దాచినచోట అనుమానం పెరుగుతుంది, చెప్పినచోట బాధ్యత పెరుగుతుంది.

రెండవది, 1998లో రహస్య బ్యాలెట్ పద్ధతిలో గుర్తింపు సంఘం ఎన్నికలు. ఎవరితో మాట్లాడాలో తేలింది. సమ్మెలు తగ్గాయి.

మూడవది, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పాత అప్పులు, వడ్డీల విషయంలో ఇచ్చిన వెసులుబాటు.

నాలుగవది, ధర. 1996లో పై గ్రేడుల బొగ్గుకు, 1997లో డి గ్రేడుకు ధర అదుపు తీసివేశారు. మన బొగ్గులో ఎక్కువ భాగం ఉండే కింది గ్రేడులకు 2000 జనవరి 1 నుండి స్వేచ్ఛ వచ్చింది. ఎనభై ఏళ్ళు నిండబోతున్న సంస్థకు తన సరుకు ధర తానే చెప్పుకునే అధికారం అప్పటికి గాని పూర్తిగా రాలేదు. ఖాయిలా కష్టం తీరడం, ఈ స్వేచ్ఛ రావడం ఒకే కాలంలో జరిగాయి. 2002-03 నాటికి పేరుకున్న నష్టమంతా తుడిచిపెట్టుకుపోయింది.

అయిదవది, ఉపరితల గనులు. యంత్రాలతో పెద్ద ఎత్తున తీయడం వల్ల టన్ను ఖర్చు తగ్గింది. ఇందుకు ఊళ్ళు లేచిపోయాయి, పొలాలు పోయాయి, మట్టి గుట్టలు మిగిలాయి, కొత్త నియామకాలు తగ్గాయి. అది లెక్కల పుస్తకంలో పూర్తిగా ఎక్కని ఖర్చు.

2023-24లో సింగరేణి ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. కార్మికుల సంఖ్య మాత్రం నలభై వేల ప్రాంతానికి తగ్గింది. 2022-23 లాభం 2,222 కోట్లు, అందులో 32 శాతం కార్మికులకు వాటాగా ప్రకటించారు. ఒకనాడు ఖాయిలా పడిన సంస్థ లాభంలో వాటా పంచే స్థితికి రావడం సంతోషించవలసిన విషయం. అయితే పాత జబ్బు పూర్తిగా నయం కాలేదు. విద్యుత్ సంస్థల నుండి రావలసిన బకాయిలు వేల కోట్లలో ఉన్నాయని పత్రికలలో చదువుతూనే ఉన్నాం. 2020 నుండి బొగ్గు బ్లాకుల వాణిజ్య వేలం వచ్చింది. ఇంటి ముందు గనికి కూడా సింగరేణి ఇతరులతో పోటీపడవలసిన రోజులు.

తవ్వినవాడి పింఛను

పింఛనుదారులమైన మనకు ముఖ్యమైన సంగతి చివరికి ఉంచాను.

మన పింఛను ప్రభుత్వ ఖజానా నుండి వస్తుంది. ఆలస్యంగానైనా కరువు భృతి కలుస్తుంది, వేతన సవరణ సంఘాలు వస్తాయి. బొగ్గుగని కార్మికుడికి 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం వర్తిస్తుంది. చివరి పది నెలల సగటు జీతంలో నాలుగో వంతు దాని ప్రాతిపదిక. దానికి కరువు భృతి జోడింపు లేదు. 2000 ప్రాంతంలో పని నుండి దిగినవాడి జీతమే తక్కువ, అందులో నాలుగో వంతు ఇంకా తక్కువ, ఆనాటి అంకె ఈనాటికీ అంతే. మా బావమరిదికి వచ్చేది నా పింఛనులో పదో వంతు కూడా ఉండదు. ఇద్దరం ఒకే బజారులో బియ్యం కొంటాము.

ఈ పింఛను నిధికి చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అది పనిచేసేవారి జీతాల నుండి, యాజమాన్యం వాటా నుండి నిండాలి. పనిచేసేవారు ఏటేటా తగ్గుతున్నారు, పింఛను తీసుకునేవారు పెరుగుతున్నారు. బొగ్గు మాత్రం పెరుగుతోంది. కనుక నిధిని మనుషుల సంఖ్య మీద కాక టన్నుల మీద నింపాలన్న ఆలోచన వచ్చింది. 2017 నాటి పదో వేతన ఒప్పందం సమయంలో పింఛను నిధికి టన్నుకు పది రూపాయల చొప్పున జమచేసే ఏర్పాటు కుదిరింది. ఇది సరైన దారి. పింఛనును కూడా అమ్మకపు ఖర్చులో ఒక పద్దుగా చూడటం ఇది.

కాని ఇదే కాలంలో మరొక పద్దు చూడండి. 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేశారు. అది పెరిగి పెరిగి 2016లో 400 రూపాయలైంది. 2017లో పేరు మారి జీఎస్టీ పరిహార సెస్సు అయింది, అంకె అదే. 2025 సెప్టెంబరు 22న రద్దయ్యేవరకు టన్నుకు 400 రూపాయలు ఖజానాకు చేరాయి. ఆ సొమ్ము వృథా పోయిందని నేను అనడం లేదు. నా పింఛనూ ఖజానా నుండి వచ్చేదే. అయితే ఒకే టన్ను మీద ఖజానాకు 400, దాన్ని తవ్వి ముసలివాడైన మనిషి పింఛనుకు 10 అన్నప్పుడు, ఆ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసి చూపడం లెక్కలు చూసినవాడి ధర్మం. సెస్సు తీసివేసిన సందర్భంలోనైనా, టన్ను మీద మరికొన్ని రూపాయలు పింఛను నిధికి మళ్ళించమని అడగడానికి ఇది తగిన సమయం. కొన్నవారి బిల్లులో అది పెద్ద భారం కాదు.

నష్టాల రోజుల్లో బొగ్గు ధరను పట్టి ఉంచి దేశం లాభపడింది. ఆ భారంలో కొంత కార్మికుడి మీద పడింది. లాభాల రోజులు వచ్చాక పనిలో ఉన్నవారికి వాటా దక్కుతోంది, మంచిదే. నష్టాల రోజుల్లో పనిచేసి దిగిపోయినవారికి మాత్రం ఆ రోజుల అంకే మిగిలింది. వారి సంఘాలు ఇందుకోసం అర్జీలు పెడుతూనే ఉన్నాయి. మన సంఘం తరపున కూడా ఒక తీర్మానం చేసి, పింఛను పెంపుకు, కరువు భృతికి మద్దతు తెలిపితే బాగుంటుందని కార్యవర్గానికి సవినయంగా మనవి చేస్తున్నాను. ఖర్చు లేని సాయం, మాట సాయం.